పిల్లల ఫిట్స్‌కి జన్యు పరీక్ష కావాలా, వద్దా?

కృష్ణలంక అమ్మ: మా పాపకి ఆరో నెలలో జ్వరంతో ఫిట్స్ మొదలయ్యాయి. రెండేళ్లు కార్బమాజెపిన్ వాడితే తగ్గకపోగా ఎక్కువయ్యాయి. గోరువెచ్చని నీళ్లు పోసినా చాలు, చెంబు పక్కన పడేసి పిల్లని పక్కకి తిప్పి పట్టుకోవాల్సి వచ్చేది. చివరికి జన్యు పరీక్షలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం, ద్రావే సిండ్రోమ్ అనే మూర్ఛ జబ్బు అని తేలింది. కార్బమాజెపిన్ లాంటి, సోడియం ఛానల్‌ని అడ్డుకునే మందులు ఈ జబ్బుకి పడవట. మందు మార్చాక నెలకి ఒకటో రెండో. అందరికీ ఈ టెస్ట్ ముందే ఎందుకు రాయరు?

బ్రాడీపేట బాబాయి: పాప చల్లగా ఉండాలమ్మా. కానీ అందరికీ అనకండి. మా అన్నయ్య కొడుక్కి వాల్‌ప్రోయేట్‌తోనే పదేళ్లుగా ఫిట్స్ లేవు. టెస్ట్‌కి మాకు చెప్పింది 20 వేలు. జబ్బు పోతుందా దాంతో?

సూర్యారావుపేట మందులషాపు: పోదండీ, ఏ దారి చెడిందో తెలుస్తుంది. టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువుల్లో లోపముంటే కణాల ఎదుగుదలని నడిపే ఎంటార్ అనే దారి అదుపు తప్పుతుంది. దాన్ని అణిచే ఎవెరోలిమస్ అనే మందుకి ఆ రకం ఫిట్స్ కోసం అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. మెదడుకి చక్కెర సరిగా అందని గ్లూట్1 లోపమైతే, కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే కీటో ఆహారమే వైద్యం. ద్రావేకి, బాగున్న జన్యువు కాపీ చేతే ఎక్కువ ప్రొటీన్ చేయించే జొరెవునెర్సెన్ అనే మందుని వెన్నులోకి ఎక్కించి పరీక్షిస్తున్నారు. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మామూలు మందులకి లొంగరు, ముందు వాళ్లకి చేయించాలి.

తాడేపల్లి: ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, దయచేసి.

బ్రాడీపేట బాబాయి: అమెరికా అనుమతి సరే, 20 వేల సంగతి చెప్పండి. కూలి చేసుకునేవాడు ఏడాది మందులు మానుకుని టెస్ట్ చేయించాలా?

కృష్ణలంక అమ్మ: రెండేళ్లు తప్పు మందు కొన్నది డబ్బు కాదా? ఎన్నిసార్లు ఐసీయూలో పెట్టామో లెక్క చెప్పమంటారా? మీ ఇంట్లో పిల్లాడికి తగ్గింది కాబట్టి మా పిల్లలకి వద్దంటారా? 20 వేలు, 20 వేలు అని ఒకటే మాట!

బ్రాడీపేట బాబాయి: డబ్బు కాదమ్మా. మా చెల్లెలి బాబుకి చేయించాం. వాడిలో ఉన్న మార్పే చెల్లెలిలోనూ ఉందన్నారు, చిన్నప్పుడు దానికి జ్వరంలో రెండుసార్లు ఫిట్స్ వచ్చిన మాట నిజమే. అంతే, ‘మీ రక్తంలోనే ఉంది, దాచిపెట్టి చేశారు’ అని పుట్టింటికి పంపేశారు. మూడేళ్లయింది. టెస్ట్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

కృష్ణలంక అమ్మ: నన్నూ అలాగే అన్నారు బాబాయి గారూ, టెస్ట్ రాకముందే. మేనరికం కూడా కాదు మాది. ద్రావేలో ఎక్కువమందికి ఆ మార్పు తల్లిలోనూ తండ్రిలోనూ ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. ఆ రిపోర్టు చూపించాకే మా అత్తగారు నాతో మామూలుగా మాట్లాడారు. నాకు మేలు చేసిన కాగితమే మీ చెల్లెలికి కీడు చేసింది, కాదనను. కానీ తప్పు కాగితానిదా? డాక్టర్ ఎవరిని కూర్చోబెట్టి చెప్పారు?

బ్రాడీపేట బాబాయి: వాళ్ల మామగారి చేతికిచ్చారు. చెల్లెలు బయట వరండాలో బాబుని ఎత్తుకుని నిలబడి ఉంది. అందులో ఏం రాసుందో దానికి ఇప్పటికీ ఎవరూ చదివి చెప్పలేదు.