చేతిపనులతో రాష్ట్ర చరిత్ర నేర్పితే అది చరిత్రేనా?

ఇంటిచదువు అమ్మ: మా ఇద్దరు పిల్లలనూ ఇంట్లోనే చదివిస్తున్నాం. ఈ ఏడాది ఆంధ్ర, తెలంగాణ చరిత్ర మొదలుపెట్టాలి. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి మట్టి, అట్ట, తాడుతో చేయిస్తూ నేర్పాలని నా కోరిక. ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా మామయ్యగారు మాత్రం “అది ఆటవిడుపు, చరిత్ర కాదు” అంటున్నారు. మీరేమంటారు?

చరిత్ర మాస్టారు: మీ మామయ్యగారి మాటే నాదీ. అట్టతో చార్మినార్ చేసిన పిల్లవాడికి జిగురు ఎంతసేపటికి ఆరుతుందో తెలుస్తుంది. 1591 నాటికి గోల్కొండ ఉండగా మరో నగరం ఎందుకు కావలసి వచ్చిందో తెలియదు. ముఖ్యమైనవేవీ చేతికి చిక్కవు. పొట్టి శ్రీరాములు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం విడిచారు. దాన్ని ఏ మట్టితో చేయిస్తారమ్మా?

చెరువుగట్టు: చార్మినార్ బొమ్మ గురించి మాస్టారుగారు చెప్పింది నిజం. కానీ బొమ్మ చేయించడం వేరు, పని చేయించి చూడడం వేరు.

పెద్ద పళ్లెంలో మట్టి పోసి, ఒక పక్క ఎత్తు చేసి, ఒకదాని దిగువన ఒకటిగా మూడు చెరువులు కట్టించండి. ప్రతి కట్టకూ పొలాలకు నీళ్లు వదిలే తూము ఒకటి, ఓ పక్కన ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు. పైనుంచి చెంబుతో నీళ్లు పోస్తే మొదటిది నిండి, అలుగు పారి, రెండోదానికి చేరాలి. అలుగు ఎత్తు ఎక్కువైతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి, కట్ట తెగుతుంది, ఆ ఉరవడికి కింది రెండూ కొట్టుకుపోతాయి. పై ఊరివాళ్లు కట్ట బాగుచేయకపోతే కింది ఊరి గతి ఏమిటని పిల్లలే అడుగుతారు. కాకతీయుల పాఠం అక్కడ మొదలుపెట్టాలి! ఆనాడు అన్నీ రాజులే కట్టించలేదు: రామప్ప గుడి కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుడు కాదు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు. చెరువు తవ్వించినవారికి దాని కింది భూమిలో భాగం ఇచ్చే దశబంధం ఆనాటి ఏర్పాటు. పళ్లెంలో కట్ట తెగడం చూసిన పిల్లలకు ఇది బట్టీ పట్టవలసిన విషయంగా అనిపించదు.

ఒక్క హెచ్చరిక. నిజమైన శాసనాల మీద కాగితం పెట్టి రుద్దించకండి, రాయి పాడవుతుంది. ఇంట్లో తడి మట్టి పలక మీద నాలుగు పంక్తులు గీయించి, ఆరాక ఒక మూల విరగ్గొట్టి, ఇంకొకరితో చదివించండి. శాసనాల పుస్తకాల్లో మధ్యమధ్య చుక్కలు ఎందుకు పెడతారో ఇట్టే తెలుస్తుంది.

చరిత్ర మాస్టారు: చెరువుల సంగతి ఒప్పుకుంటున్నాను. 1952 గురించి మాత్రం జవాబు రాలేదు. కాలక్రమం సంగతీ మీరెత్తలేదు.

చెరువుగట్టు: కాలక్రమానికి తాడు చాలు. పదేళ్లకు ఒక సెంటీమీటరు. తెలంగాణ ఏర్పడిన 2014 నుంచి వెనక్కి కొలిస్తే 1213 నాటి రామప్ప గుడి 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953కీ, ఆంధ్రప్రదేశ్ వచ్చిన 1956కీ మధ్య మూడు మిల్లీమీటర్లే, ఒక్క వేలు పెడితే రెండూ మరుగున పడతాయి.

దీక్షను నటింపజేయడం నాకూ ఇష్టం లేదు, అది ఒక మనిషి చావు. దాని ఫలితాన్ని మాత్రం పటాల్లో చూపవచ్చు. పల్చని కాగితాల మీద 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1, 2014 జూన్ 2 నాటి సరిహద్దులు గీయించి ఒకదాని మీద ఒకటి పెట్టండి. మద్రాసు ఎందుకు లోపల లేదు? బళ్లారి ఎటు పోయింది? పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రకు వెళ్తే భద్రాచలం తెలంగాణలోనే ఎందుకు మిగిలింది? గీత గీసిన చెయ్యి ఊరుకోదు, అడిగి తీరుతుంది.

చరిత్ర మాస్టారు: అడుగుతుంది, సరే. జవాబు గీతలో లేదు కదా! రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో తెలంగాణను ప్రస్తుతానికి విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితే కలపవచ్చంది. మరుసటి ఏడాదే కలిపేశారు. ఎందుకో తెలియాలంటే చదవక తప్పదు.

చెరువుగట్టు: తప్పదు. నేను అడిగేది వరుస మార్చమని మాత్రమే. అమ్మా, ముందు పటాలు గీయించండి. కమిషన్ మాట అదే సాయంత్రం మీ మామయ్యగారితో చదివించి వినిపించండి. ఆ రోజుల గురించి ఆయన ఇంట్లో విన్నవి ఏవైనా ఉంటే అవీ చెప్పమనండి.