పాట పొట్టిదైతే దాని బరువు తగ్గుతుందా? మెటల్ వినేవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మాది తిరుపతి. బైరాగిపట్టెడలో ఒక మేడ మీద గదిలో నలుగురం హెవీ మెటల్ (గిటార్లు, డ్రమ్స్ హోరెత్తే రాక్ సంగీతం) వాయిస్తాం. ఏడాదిగా కూర్చుకున్న ఎనిమిది నిమిషాల పాటను నాలుగు నిమిషాలకు కుదించాలని మా సింగర్ పట్టుబడుతున్నాడు. అలా అయితేనే కాలేజీ ఫెస్ట్‌లకు పిలుస్తారట.

అతను ఉదాహరణగా చూపించేది అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికానే. 1988 ఆల్బమ్‌లో టైటిల్ పాట దాదాపు పది నిమిషాలు. 1991లో ప్రొడ్యూసర్‌గా బాబ్ రాక్ వచ్చాక పాటలు పొట్టివయ్యాయి, వేగం తగ్గింది, అమ్మకాలు కోట్లకు చేరాయి. పాత అభిమానులు చాలామంది అమ్ముడుపోయారని తిట్టారు. 1996లో జుట్టు కత్తిరించుకుని 'లోడ్' ఆల్బమ్ తెచ్చినప్పుడైతే ఇంకా ఎక్కువ. నాకు 1991ది ప్రాణం, 1996ది మింగుడుపడదు. తేడా ఎక్కడుందో మావాడికి చెప్పలేకపోతున్నాను.

నిన్న రాత్రి మధ్య భాగం తీసేసి వాయించాం. అయ్యాక డ్రమ్మర్ స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. గిటార్ ఆంప్లిఫయర్ గుయ్‌మంటూనే ఉంది, ఎవరం మాట్లాడలేదు.

మెటాలికా 1991 ఆల్బమ్‌లోని 'శాడ్ బట్ ట్రూ' పాటలో లాగా గిటార్ల ట్యూనింగ్ కిందికి దించి, నెమ్మదిగా వాయిస్తే బరువు నిలుస్తుందా? పాట కుదించేటప్పుడు మీరు ముందు ఏది తీసేస్తారు, దేన్ని ముట్టుకోరు? బ్యాండ్ నడిపినవాళ్లు దయచేసి చెప్పండి. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.