మిస్‌ఫైర్ కోడ్ వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా?

ఎల్బీనగర్_చక్రం: 2016 పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, 82,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్నటి వానలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలోంచి పోనిచ్చాను. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతోంది. స్కాన్ చేయిస్తే పి0303, పి0171 అనే కోడ్‌లు వచ్చాయి. ఆక్సిజన్ సెన్సర్ పోయింది, 6,500 అవుతుందన్నాడు గ్యారేజీ అతను. మార్పించమంటారా?

లైవ్‌డేటా: వద్దు. పి0303 అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అందులో పెట్రోలు సరిగా మండట్లేదని. పి0171 అంటే గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని కంప్యూటర్ అనుకుంటోంది. సెన్సర్ పోయిందని ఈ రెండిట్లో ఏదీ చెప్పలేదు. మూడో సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజన్ అలాగే బయటికి పోతుంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సర్ దాన్ని చూసి గాలి ఎక్కువైందంటుంది. అంటే దాని పని అది చేస్తున్నట్టేగా! స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే మూడో కాయిల్‌ని ఒకటో సిలిండర్‌కి, ఒకటోదాన్ని మూడోదానికి పెట్టి, కోడ్ చెరిపేసి నడపండి. పి0301 వస్తే తప్పు కాయిల్‌దే.

పానా_పట్టినోడు: చదువు బాగానే ఉంది సార్. కాయిల్ తీశాక ప్లగ్ గుంతలో నీళ్లున్నాయేమో చూడమని చెప్పరేం? కాయిల్ కింది రబ్బరు బూటు చీలిందా, ప్లగ్ ఏ రంగులో ఉంది, అవి చూడాలి ముందు.

సైలెన్సర్: అంతా ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోల్ మహిమ.

లైవ్‌డేటా: ఎథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ20తో కంప్యూటర్ పెట్రోలు కాస్త పెంచుతుంది, నిజమే. కానీ నాలుగు సిలిండర్లకీ పోయేది ఒకటే పెట్రోలు. మూడోదానికే ఎందుకొచ్చింది రోగం?

సైలెన్సర్: మా బామ్మర్ది బండి కూడా ఈ20 తర్వాతే మొరాయించింది.

లైవ్‌డేటా: పానా గారూ, నీళ్లు ఉండవని నేననలేదు. సెన్సర్ అక్కర్లేదని ఒప్పుకుంటారా లేదా?

పానా_పట్టినోడు: 80 వేలు దాటిన సెన్సర్. మారిస్తే పోయేదేముంది?

లైవ్‌డేటా: పోయేదేముందా? 2022లో నా బండికి ముందు మ్యాప్ సెన్సర్, తర్వాత ఆక్సిజన్ సెన్సర్, ఆపైన థ్రాటిల్ బాడీ క్లీనింగ్. మొత్తం 14,200. చివరికి తేలిందేంటి? ఇన్‌టేక్ దగ్గర గొట్టం చీలింది, ఖరీదు 180 రూపాయలు. సెన్సర్లు వెనక్కి తీసుకోమంటే కరెంటు పార్టులు వాపసు లేవన్నారు.

పానా_పట్టినోడు: ఆ పని చేసింది నేనా? ఎవడో చేసినదానికి నన్ను నిలదీస్తే ఎలా? ఒక మాట చెప్తా వినండి. గంటన్నర వెతికి సాకెట్లో తుప్పు కనిపెట్టి, గీకి, 800 అడిగితే "ఏం మార్చావని?" అంటారు. అదే 6,500 పార్టు బిగిస్తే 500 బేరమాడి నోరెత్తకుండా ఇస్తారు. వెతికినందుకు ఎవరూ ఇవ్వనప్పుడు ఏ మెకానిక్ వెతుకుతాడు?

లైవ్‌డేటా: నేనిస్తా 800. తప్పు పార్టు వేస్తే 6,500 మీరు కడతారా?

పానా_పట్టినోడు: డాక్టరు కడుతున్నాడా?

లైవ్‌డేటా: ఏ డాక్టరూ కిడ్నీ మార్చి చూద్దాం అనడు!

మూసీ_ఒడ్డు: మీ గొడవ తర్వాత. లైటు ఆరి వెలుగుతుంటే బండి తిప్పకూడదని ఆయనకి ఒక్కరూ చెప్పలేదు. మండని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. అది పోతే మీ సెన్సర్ ధర చిల్లరకింద లెక్క.

ఎల్బీనగర్_చక్రం: ఇంజిన్ చల్లారాక విప్పి చూశాను. మూడో గుంతలో చెంచాడు నీళ్లు. తుడిచి, కాయిల్స్ అటూ ఇటూ మార్చి, కాలనీలోనే ఒక చుట్టు తిప్పా. కోడ్ ఒకటో సిలిండర్‌కి మారింది. కాయిల్ రాణిగంజ్‌లో దొరుకుతుందిగా? పానా అన్నా, కాయిల్ బిగించి, బూట్లు, ప్లగ్‌లు చూసి పెడితే ఎంత?

పానా_పట్టినోడు: 800. కాయిల్ మీరే తెచ్చుకోండి.