ఇన్సర్ట్ అయ్యాక ఐడీ ఎలా తెచ్చుకోవాలి? మ్యాక్స్ ఐడీ వాడటం తప్పేనా?

అడిగినవారు:
ఆర్డర్స్ టేబుల్‌లో రికార్డు పడగానే దాని ఐడీతో ఐటమ్స్ టేబుల్ నింపాలి. మా పాత కోడ్ ఇన్సర్ట్ తర్వాత సెలెక్ట్ మ్యాక్స్ ఐడీ వేస్తుంది, అంటే టేబుల్‌లో అన్నిటికన్నా పెద్ద ఐడీని తెచ్చుకుంటుంది. "ఇన్నేళ్లు నడిచింది కదా, కదపొద్దు" అంటున్నారు సీనియర్ గారు. నాకైతే భయంగా ఉంది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్.

జవాబు 1:
కదపాల్సిందేనండీ. మీ ఇన్సర్ట్‌కీ ఆ సెలెక్ట్‌కీ మధ్య ఇంకొకరి ఆర్డర్ కమిట్ అయిందంటే మీ ఐటమ్స్ వాళ్ల ఖాతాలో పడతాయి. ఆ ఐడీ నిజంగానే టేబుల్‌లో ఉంటుంది కాబట్టి ఫారిన్ కీ (ఆ ఐడీ ఆర్డర్స్‌లో ఉందో లేదో చూసే నియమం) కూడా అడ్డుకోదు. లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ ఫంక్షన్ వాడండి, చాలు. అది ఏ కనెక్షన్‌కి ఆ కనెక్షన్‌కే విడిగా ఉంటుంది.

జవాబు 2:
ఆ "చాలు" దగ్గరే నాకు పేచీ. పూల్ (ముందే తెరిచి ఉంచి పంచుకునే కనెక్షన్ల గుంపు) నుంచి వేరే కనెక్షన్ చేతికొస్తే సున్నా రావచ్చు, పాత ఐడీ రావచ్చు. ఒకే ఇన్సర్ట్‌లో పది రికార్డులు వేస్తే మొదటిదాని ఐడీ ఒక్కటే ఇస్తుంది.

మేం ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దెబ్బతిన్నాం. చివరిగా పుట్టిన ఐడీని ఇచ్చే ఎట్ ఎట్ ఐడెంటిటీ వాడేవాళ్లం. ఒకరోజు టేబుల్‌కి ఆడిట్ ట్రిగ్గర్ (ఇన్సర్ట్ కాగానే తానే నడిచి ఆ మార్పును లాగ్ టేబుల్‌లో రాసే కోడ్) తగిలించారు. అది లాగ్ టేబుల్‌లో వేసిన రికార్డు ఐడీ మాకు రావడం మొదలైంది. ఎర్రర్ ఒక్కటీ లేదు! ట్రిగ్గర్ వేసినవాటిని పట్టించుకోని స్కోప్ ఐడెంటిటీకి మారాక ఆగింది గానీ, అప్పటికే కలగలిసిన డేటాను విడదీయడానికి వారం పట్టింది. అప్పటినుంచి నా మాట ఒక్కటే: ఇన్సర్ట్ చేసిన స్టేట్‌మెంటే ఐడీ తిరిగివ్వాలి. పోస్ట్‌గ్రెస్‌లో 8.2 నుంచి, మరియాడీబీలో 10.5 నుంచి, ఎస్‌క్యూలైట్‌లో 2021 నాటి 3.35 నుంచి ఆ పని చేసే రిటర్నింగ్ ఉంది.

జవాబు 3:
అసలు డేటాబేస్‌ని అడగడమెందుకు? యాప్‌లోనే యూయూఐడీ (ఎక్కడ తయారైనా మరోదానితో దాదాపు ఎప్పుడూ కలవని 16 బైట్ల ఐడీ) తయారుచేసి రెండు టేబుల్స్‌కీ అదే పంపితే సరి. 2024లో ప్రమాణంగా వచ్చిన వెర్షన్ 7 కాలక్రమంలో పెరుగుతుంది, ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికే సూచిక) చెల్లాచెదురు కాదు.

జవాబు 2:
కొత్త ప్రాజెక్టుకి బాగుంటుంది. కానీ 8 బైట్ల కీ 16 బైట్లవుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇన్నోడీబీలో ప్రతి సెకండరీ (అదనపు) ఇండెక్స్ ప్రైమరీ కీని, అంటే ఆ ఐడీని, మోస్తుంది, కాబట్టి అవీ పెరుగుతాయి. నడుస్తున్న టేబుల్స్‌కి కీ మార్చమని ఆయనకు నేను చెప్పలేను.

జవాబు 1:
పూల్ సంగతి ఒప్పుకుంటాను, నేను చెప్పి ఉండాల్సింది. అయితే మైఎస్‌క్యూఎల్‌లో రిటర్నింగ్ లేదు. ఇన్సర్ట్ ఫలితంతోపాటే డ్రైవర్ (యాప్‌ని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) ఆ ఐడీని అందిస్తుంది, జావాలో గెట్ జనరేటెడ్ కీస్ లాగా. అది వాడితే మరో క్వెరీయే అక్కర్లేదు. రిటర్నింగ్‌లోనూ ఒక చిక్కుంది: పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (ఉన్నదానితో ఢీకొంటే ఏమీ చేయొద్దనే షరతు) పెడితే, రికార్డు ముందే ఉన్నప్పుడు ఏ ఐడీ రాదు.

అడిగినవారు:
రెండు సెషన్లు తెరిచి, మధ్యలో రెండోదాంట్లో ఇన్సర్ట్ చేసి చూపించాను. ఐటమ్స్ తప్పు ఆర్డర్‌లో పడటం సీనియర్ గారు కళ్లారా చూశారు. రేపు డ్రైవర్ పద్ధతికి మారుస్తున్నాం.