ఐదు ఎకరాల్లో ముందు ఏవి తేవాలి: ఆవా, గొర్రెలా, మేకలా?

కొత్తగట్టు: ఐదు ఎకరాల పచ్చిక. సమగ్ర నిర్వహణ (హోలిస్టిక్ మేనేజ్‌మెంట్) పద్ధతిలో పది భాగాలు చేసి, ఒక్కో దాంట్లో మూడు రోజులు మేపుతాను. ఒక ఆవు, పది గొర్రెలు, ఐదు మేకలు, ముప్ఫై కోళ్లు ఒకేసారి తేవచ్చా?

నాగలి: వద్దు. ముందు మేత లెక్క వేయండి. 400 కిలోల ఆవుకు రోజుకు పది కిలోలకు పైగా ఎండు మేత కావాలి. పచ్చిగడ్డి అయితే యాభై కిలోలు. మీ పది గొర్రెలు ఇంకో రెండు ఆవులతో సమానం.

మందబాట: రెండు ఆవులా? 40 కిలోల గొర్రెలు పది కలిస్తే ఒక్క ఆవు బరువు.

నాగలి: జీవం చిన్నదయ్యే కొద్దీ కిలో బరువుకు తినే మేత పెరుగుతుంది. అందుకే ఆవుకు ఐదారు గొర్రెలని లెక్క.

మందబాట: నా మందలో ఆ లెక్క ఎప్పుడూ కుదరలేదు.

ఏరువాక: ఆవు ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టకండి. అందులోని రాగి వాటికి విషం. నీళ్లు ఏ భాగంలో ఉన్నాయి?

మందబాట: కలిపి మేపితేనే లాభం. గొర్రె నట్టల (కడుపులో పురుగుల) పిల్లలు గడ్డి మొదళ్లలో ఎక్కువ. ఆ గడ్డి ఆవు మేస్తే అవి చాలావరకు దాని కడుపులో చస్తాయి. మేకలు పొదల మీద పడతాయి. మూడు నాలుగు రోజులాగి కోళ్లను వదిలితే పేడ కెలికి ఈగ పురుగులను ఏరేస్తాయి.

నాగలి: ఇవన్నీ నమ్మే నేనూ దిగాను. మంద రెట్టింపు చేస్తే నేల బాగుపడుతుందన్నాడు శిక్షణ ఇచ్చినాయన. వానల్లో గడ్డి బాగుందని పది రోజులు ఒకే భాగంలో ఉంచాను. ఒక ఉదయం ఒక గొర్రె లేవలేదు. కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపే లేదు. దవడ కింద నీరు దిగి వేలాడుతోంది. ఆ నెలలో నట్టలతో పదకొండు పోయాయి.

మందబాట: వెచ్చగా, తేమగా ఉంటే నట్ట గుడ్డు వారంలో సోకే పిల్ల అవుతుంది. తప్పు ఆ పది రోజులది. మీ నష్టం చూపి కొత్తవాళ్లను బెదిరించకండి.

నాగలి: బెదిరింపా? గడ్డి ఎండినప్పుడు నేను ఆరు గొర్రెలు అమ్ముకుంటే, పశువును అమ్మేవాడు రైతే కాదని ఇక్కడే రాశారు మీరు!

మందబాట: రాశాను, ఇప్పుడూ అంటాను. పేరు పెట్టి పిలిచిన ఆవును గడ్డి అయిపోయిందని తోలేయలేను. అప్పు చేసి మేత కొన్నాను.

నాగలి: అయితే మన గొడవ ఆవుకు ఐదు గొర్రెలా పదా అన్నది కాదు. గడ్డి ఎదగని కాలంలో దానికి రెండు మూడు నెలల విరామం కావాలి. ఈయన పది భాగాలకు వచ్చేది 27 రోజులే. ఈ పద్ధతి తెచ్చిన ఆలన్ సేవరీ కూడా ఆ కాలానికి వేరే ప్రణాళిక వేసి, కరువు రోజులకు మేత మిగుల్చుకోమన్నాడు. మిగలకపోతే మంద తగ్గాలి. మీరు తగ్గించరు. నేను తగ్గిస్తాను.

మందబాట: తగ్గించను. అందుకే ఒక్క ఆవుతో ఆగిపోయాను.

కొత్తగట్టు: ఇంట్లో అడిగాను. ఆవు వస్తే ఇక అమ్మేది లేదంటున్నారు. ఎండు నెలల గడ్డి దానికి చాలుతుందో లేదో ముందు ఒక ఏడాది కొలుస్తాను. ఈలోగా ఆరు గొర్రెలు, అవీ అమ్మే తేదీ రాసుకునే తెస్తాను.

ఏరువాక: నీళ్ల సంగతి ఇంకా చెప్పలేదు మీరు.