పదకొండేళ్ల మాన్యువల్ టెస్టింగ్ తర్వాత ఏంటి? (చర్చ)

టెస్టర్‌పదకొండు:
పదకొండేళ్లుగా మాన్యువల్ టెస్టింగే, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చేత్తో చేసి చూడటం. పోయిన నెల మా టీమ్‌లో 14 మందిలో ఐదుగురిని పంపేశారు. నాకింకా ఏమీ చెప్పలేదు, కానీ మేనేజర్ నాతో మీటింగ్ రెండుసార్లు వాయిదా వేశాడు. అదే టెన్షన్. మూడు ప్రశ్నలు. 36 ఏళ్లకి ఆటోమేషన్ (ఆ చెకింగ్‌ని ప్రోగ్రామ్‌తో చేయించడం) నేర్చుకుంటే తీసుకుంటారా? నేర్చుకుంటే దానికి ఏ టూల్, సెలీనియమా, ప్లేరైటా? టీమ్ లీడ్‌గా వెళ్లమంటున్నారు, వెళ్లొచ్చా? ఇక రెజ్యూమే మూడు పేజీలుంది. 60 చోట్ల అప్లై చేస్తే రెండే కాల్స్. రెజ్యూమేలు వడకట్టే మెషీనే తిప్పికొడుతోందని, తెల్ల అక్షరాల్లో కీవర్డ్స్ దాచిపెట్టమని ఫ్రెండ్ అంటున్నాడు.

అనువాదలక్ష్మి:
మీ టీమ్‌లో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు, సంతోషించండి. నేను అనువాదకురాలిని. 2016లో గూగుల్ ట్రాన్స్‌లేట్ న్యూరల్ (ఏఐ) పద్ధతికి మారినప్పుడు దాని తప్పుల స్క్రీన్‌షాట్లు పంపుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు నాకొచ్చే పనిలో ముప్పావు వంతు మెషీన్ రాసినదాన్ని దిద్దడమే. రేటు సగమైంది, టైమ్ సగం కాలేదు. ఎందుకంటే తప్పు తప్పులా కనబడదు. మొన్న ఒక మందు కరపత్రంలో 'వాడకూడదు' అని ఉండాల్సిన చోట 'వాడవచ్చు' అని వచ్చింది. వాక్యం మాత్రం ముత్యంలా ఉంది! మాటకింత అనే లెక్క మానేసి గంటకింత అన్నాను. ముగ్గురు క్లయింట్లు పోయారు, ఇద్దరు మిగిలారు. ఇద్దరూ మందుల కంపెనీల వాళ్లే. తప్పు దొర్లితే మెడకు చుట్టుకునేది వాళ్లకే కాబట్టి.

మెయిన్‌ఫ్రేమ్‌బాబాయ్:
పిల్లలు ఊరికే కంగారు పడతారు. నేను 31 ఏళ్లుగా కోబాల్ రాస్తున్నాను. 1959లో పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. నేను చేరిన రోజునే 'ఇది చచ్చిపోయింది' అన్నారు. అలా అన్నవాళ్లు మూడు కంపెనీలు మారారు, నేను అదే కుర్చీలో ఉన్నాను. 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నరే ప్రెస్ మీట్ పెట్టి కోబాల్ వచ్చినవాళ్లు కావాలని అడిగాడు. పాతది పట్టుకుని ఉండండి, అదే కాపాడుతుంది.

కుర్చీలేదు:
బాబాయ్ గారూ, ఆయన అడిగింది వాలంటీర్లను. జీతానికి కాదు.

మెయిన్‌ఫ్రేమ్‌బాబాయ్:
అవసరం ఉందనేగా అడిగింది? అవసరం ఉన్నచోటికి జీతం అదే వస్తుంది.

కుర్చీలేదు:
నాకు ఫ్లాష్ వచ్చు, వెబ్‌సైట్లలో యానిమేషన్లు, గేమ్స్ చేసే సాఫ్ట్‌వేర్. తొమ్మిదేళ్లు దాని మీదే బతికాను. 2017లో అడోబీ వాళ్లే ఆపేస్తామని చెప్పారు, 2020 ఆఖరుకి ఆపేశారు. మూడేళ్ల ముందు చెప్పినా నేను కదల్లేదు, ఎందుకంటే మీలాంటి సీనియర్ ఒకాయన 'పాతది పట్టుకో' అన్నాడు. కోబాల్ మీద బ్యాంకుల లెక్కలు నడుస్తున్నాయి, అందుకని మీరు బతికారు. దాన్ని తెలివి అనుకోకండి.

మెయిన్‌ఫ్రేమ్‌బాబాయ్:
నీ బద్ధకానికి నేనేం చేస్తాను?

మోడరేటర్:
ఇద్దరూ ఆపండి. ఒక కామెంట్ తీసేశాను.

నియామకాలవాడు:
తెల్ల అక్షరాల సంగతి చెబుతాను, రోజూ చూసేవాణ్ని. దయచేసి పెట్టకండి. మా సిస్టమ్‌లో రెజ్యూమే మామూలు టెక్స్ట్‌గా మారి కూర్చుంటుంది. అక్కడ తెలుపూ నలుపూ ఉండవు. ఒకాయన ఉద్యోగ ప్రకటన మొత్తం తెల్లరంగులో అతికించాడు. నా స్క్రీన్ మీద ఆయన అనుభవం కింద 'అభ్యర్థికి ఐదేళ్ల అనుభవం ఉండాలి' అని వచ్చింది. టీమ్ అంతా చూసి నవ్వారు. నేను చూసిన చోట్ల మెషీన్ తనంతట తాను తిప్పికొట్టేది ఎక్కువగా అప్లికేషన్‌లోని అవును-కాదు ప్రశ్నల దగ్గర: వర్క్ పర్మిట్ ఉందా, నోటీస్ పీరియడ్ నెల లోపేనా, ఇలాంటివి. మిగతావాటిని ఎవరూ తిప్పికొట్టరు. తెరవరు, అంతే. మొదటి రెండు రోజుల్లో వచ్చినవి చూసి లిస్ట్ తయారు చేసేస్తాం.

ఒక్కపేజీచాలు:
అంటే 60 చోట్లకి కష్టపడి పంపినవి మీరు తెరవను కూడా తెరవరా? ఎంత తేలిగ్గా చెప్పారండీ!

నియామకాలవాడు:
ఒక పోస్టుకి 700 వస్తే మీరు తెరుస్తారా?

ఒక్కపేజీచాలు:
జీతం అందుకే కదా ఇస్తున్నారు. సరే, రెజ్యూమే ఒక్క పేజీకి మించకూడదు. ఇందులో చర్చే లేదు.

నియామకాలవాడు:
ఉంది. పదేళ్లు దాటినవాళ్లకి రెండు పేజీలైనా ఎవరూ ఏమీ అనరు. అసలు గొడవ రెండు కాలమ్‌ల డిజైన్‌తో. మీ పీడీఎఫ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఎడమవైపు ఫోన్ నంబరు కుడివైపు కంపెనీ పేరు మధ్యలో దూరిందంటే మాకూ అలాగే కనబడే అవకాశం ఉంది.

ఒక్కపేజీచాలు:
రెండో పేజీ ఎవడూ చదవడు. మీరే ఇప్పుడు చెప్పారు, అసలు మొదటి పేజీయే తెరవం అని!

నియామకాలవాడు:
ఆ మాట వేరు, ఈ మాట వేరు. వాదించే ఓపిక లేదు.

నాలుగేళ్లగ్యాప్:
మీరు పేజీలు లెక్కపెట్టుకోండి. పాప పుట్టాక నేను నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను. ఒక ఇంటర్వ్యూలో 'ఈ నాలుగేళ్లూ ఖాళీగా ఉన్నారా?' అని అడిగారు. ఖాళీగానట. తర్వాతి ఇంటర్వ్యూ నుంచి వాళ్లు అడగకముందే నేనే చెప్పడం మొదలుపెట్టాను: నాలుగేళ్లు విరామం, కారణం ఇది, పోయిన ఆరు నెలల్లో ఈ పని చేశాను, చూడండి అని లింక్ పెట్టాను. ఐదో చోట తీసుకున్నారు. పాత జీతం కన్నా తక్కువే. ఒప్పుకున్నందుకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

అనువాదలక్ష్మి:
ఆ కోపం ఉంచుకోండి. జీతం పెంచమని అడిగే రోజున పనికొస్తుంది.

టెస్టర్‌పదకొండు:
అందరికీ థాంక్స్, కానీ నేనడిగిన సెలీనియం, ప్లేరైట్ సంగతి ఒక్కరూ చెప్పలేదు. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూశాను. నా పేరు అన్నిటికన్నా అడుగున వచ్చింది.

స్క్రిప్ట్‌రాముడు:
బ్రో, నేనూ మాన్యువల్ నుంచే వచ్చాను, 38 ఏళ్ల వయసులో. సెలీనియం 2004 నుంచి ఉంది, పాత ప్రాజెక్టుల్లో ఎక్కడ చూసినా అదే. ప్లేరైట్ 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది, బటన్ నొక్కే ముందు అది సిద్ధంగా ఉందో లేదో తనే చూసుకుంటుంది. సెలీనియంలో ఆ ఎదురుచూపు మనమే రాయాలి. నేను మొదట్లో అన్నిచోట్లా 'ఐదు సెకన్లు ఆగు' అని రాసేశాను. 200 టెస్టులు రాత్రంతా నడిచేవి, పొద్దున చూస్తే 30 ఫెయిల్. ఒక్కటి కూడా నిజమైన బగ్ కాదు. కాబట్టి ప్లేరైట్‌తో మొదలుపెట్టు. కోర్సు కొనకు. ప్రతి రిలీజ్‌కీ చేత్తో చేసే చెకింగ్‌లో విసుగు పుట్టించే పది కేసులు తీసుకుని వాటినే రాయి. ఎక్కడ విరుగుతుందో పదకొండేళ్లుగా చూస్తున్నావు, కోర్సు చేసి వచ్చిన కుర్రాడికి అది తెలియదు. ఇంటర్వ్యూలో నన్ను అడిగిందంతా అదే: ఏది టెస్ట్ చేస్తావు, ఏది వదిలేస్తావు, ఎందుకు?

ఒక్కపేజీచాలు:
రేపు ఏఐ ఆ పది కేసులూ తనే రాసేస్తుంది. అప్పుడో?

స్క్రిప్ట్‌రాముడు:
ఇప్పుడే రాస్తోంది. నేనూ దానితోనే రాయిస్తున్నాను. పోయిన వారం లాగిన్ టెస్ట్ రాయమంటే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి, పేజీ తెరుచుకుంటే చాలు 'పాస్' అని రాసింది. అది ఎర్రర్ మెసేజ్ వచ్చే పేజీ. పచ్చగా టిక్ పడింది. చూడకపోతే అలాగే వెళ్లిపోయేది.

అనువాదలక్ష్మి:
నా 'వాడవచ్చు' లాంటిదే ఇదీ.

టెస్టర్‌పదకొండు:
సరే బ్రో, ఈ శనివారం మొదలుపెడతాను. మరి లీడ్ సంగతి?

కుర్చీలేదు:
లీడ్ అయితే మిగిలిన తొమ్మిది మందిలో ఎవరిని తీసేయాలో లిస్ట్ ఇవ్వమంటారు. ఆ తర్వాత నిన్ను తీస్తారు.

మెయిన్‌ఫ్రేమ్‌బాబాయ్:
నియామకాలవాడు గారూ, ఒక చిన్న సందేహం. ఊరికే, తెలుసుకుందామని అడుగుతున్నాను. నా రెజ్యూమే 2003లో వర్డ్‌లో చేసింది. మీ సిస్టమ్‌లో తెరుచుకుంటుందా?