కొత్త షెడ్డుకు టూల్స్: ఖరీదైనవే కొనాలా, అగ్గువలో సర్దుకోవాలా?

తిరుచానూరు_రోడ్డు:

అన్నలందరికీ నమస్కారం. ఐటీఐలో మోటార్ మెకానిక్ చేసి ఇన్నాళ్లూ ఒక షెడ్డులో పనిచేశాను. ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో సొంతంగా చిన్న షెడ్డు తీస్తున్నాను. ఎక్కువ బైకులే. మా మామ టాక్సీలు ఎలాగూ నా దగ్గరికే వస్తాయి కాబట్టి కార్ల పని కూడా కొంత ఉంటుంది. ఇన్ని రోజులూ ఓనర్ టూల్సే వాడాను. సొంతానికి ఒక కటింగ్ ప్లయర్ తప్ప ఏమీ లేదు.

చేతి టూల్స్‌కి ముప్పై వేలు పక్కన పెట్టుకున్నాను. జాకీ, కంప్రెసర్ లెక్క వేరే. వీడియోల్లో స్నాప్-ఆన్, కోకెన్ లాంటి బయటి దేశం కంపెనీల టూల్స్ చూసి చూసి మనసు అటే లాగుతోంది. నాన్నేమో "ముందు బోణీ కానీరా, తర్వాత కొందువులే" అంటున్నాడు. ఆన్‌లైన్‌లో నూటెనిమిది ముక్కల సెట్టు, పెట్టెతో సహా, రెండున్నర వేలకే కనిపిస్తోంది. అది తీసుకుని మిగిలిన డబ్బుతో స్పేర్లు పెట్టుకోనా, లేక ఒకేసారి మంచివి కొనేయనా? పని చేసేవాళ్లు చెప్పండి.

రేణిగుంట_రోడ్ షెడ్డు:

తమ్ముడూ, ఆ పెట్టె వైపు చూడొద్దు. ముక్కల సంఖ్య పెంచడానికి దాంట్లో సగం స్క్రూ బిట్లే నింపి ఉంటారు. నీకు రోజూ చేతికి కావలసినవి 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల సైజులు. హీరో, హోండా, యమహా, మారుతి ఏది వచ్చినా వీటితోనే ముప్పావు పని అయిపోతుంది.

బ్రాండు సంగతి తర్వాత. ఆ టూల్ జారితే ఏం పోతుందో చూసి దానికి తగ్గట్టు డబ్బు పెట్టు. సుత్తి జారితే నీ వేలు వాస్తుంది, రెండు రోజుల్లో తగ్గుతుంది. బ్రేక్ పైపు నట్టు మీద స్పానర్ జారితే పైపే మార్చాలి. ఆ పైపు ఊళ్లో దొరికేదాకా బండి నీ షెడ్డులోనే, డ్రైవరు నీ నెత్తిమీదే.

నా దగ్గరికి వచ్చేవి చాలావరకు తిరుమల కొండకు తిరిగే టాక్సీలు. 1974లో వేసిన రోడ్డు ఎక్కడానికి, 1944 నాటి పాత ఘాట్ రోడ్డు దిగడానికి. ఆ మలుపుల్లో గేరులో దిగండయ్యా అంటే వినేవాడు తక్కువ. కొండ మీద నుంచి అలిపిరి దాకా బ్రేకు మీద కాలు తియ్యరు. వాళ్ల పుణ్యాన నాకు ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ పనికి కొదవ లేదు. మీ మామ బండ్లూ అవే కదా, నీకూ ఇదే పని తగులుతుంది. బ్రేక్ పైపు నట్లు చాలా కార్లకు 10 నంబరే. తుప్పు పట్టి, పైపుతో కలిసి అతుక్కుపోయి ఉంటాయి. మామూలు స్పానర్ నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది. దాని నోరు కాస్త వదులైందంటే మూలలు గుండ్రమైపోతాయి. ఈ పనికి ఫ్లేర్ నట్ స్పానర్ అని విడిగా ఉంటుంది. చూడ్డానికి రింగ్ స్పానరే, ఒక పక్క పైపు దూరేంత సందు కోసి ఉంటుంది. సందు పోగా మిగతా అన్ని వైపులా నట్టును పట్టుకుంటుంది. ఇది మాత్రం మంచి కంపెనీది కొను. బేరం చెయ్యి, కానీ అగ్గువది వద్దు.

ఆ తర్వాత డబ్బు పెట్టాల్సింది స్క్రూ డ్రైవర్లకు. నవ్వొద్దు. మన జపాన్ రకం బైకుల మీద ఉండే ప్లస్ స్క్రూలు చాలావరకు జె.ఐ.ఎస్. రకం, అంటే జపాన్ వాళ్ల కొలతలవి. చాలా స్క్రూల తల మీద చిన్న చుక్క గుర్తు కూడా ఉంటుంది. మనం వాడే మామూలు ప్లస్ డ్రైవర్ (ఫిలిప్స్ రకం) మొన అందులో పూర్తిగా కూర్చోదు. గట్టిగా తిప్పితే పైకి ఎగదన్ని స్క్రూ గాడి చెరిపేస్తుంది. డిస్క్ బ్రేకు ఉన్న బండి హ్యాండిల్ దగ్గర ఆయిల్ డబ్బా మూత స్క్రూలు చూడు, సగం బండ్లకు చెరిగిపోయే ఉంటాయి. జపాన్ వాళ్ల వెసెల్ కంపెనీవి ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు తీసుకుంటే చాలు, మరీ ఖరీదేమీ కాదు. అప్పటికీ కదలని స్క్రూలకు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి పెట్టుకో. అది మామూలుది చాలు.

నట్టు మీద తొడిగే సాకెట్లు లోపల ఆరు మూలలవే కొను. పన్నెండు మూలలవి త్వరగా కూర్చుంటాయి గానీ అరిగిన నట్టు మీద జారతాయి. సాకెట్టును టిక్కు టిక్కున తిప్పే పిడి, అదే రాట్చెట్, దానికి ఎన్ని పళ్లో అడిగి తెలుసుకో. 24 పళ్లదైతే ఒక్కో టిక్కుకు పిడి 15 డిగ్రీలు కదలాలి. 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. కారు ఇంజిన్ కింద చెయ్యి తిప్పడానికి చోటు లేని దగ్గర ఈ తేడా నీ మోచేతికి తెలుస్తుంది.

స్పానర్లు, రింగులు, ప్లయర్లు మన దేశం కంపెనీ టపారియావి చాలు. మన దేశంలో సగం షెడ్లు వాటితోనే నడుస్తున్నాయి. స్నాప్-ఆన్ రాట్చెట్ ఒక్కదాని ధరకు ఇక్కడ సాకెట్ సెట్టు మొత్తం వచ్చేస్తుంది. పైగా షెడ్డులో పిలకాయలు ఉంటారు. 10 నంబరు సాకెట్టు పోగొట్టని పిలకాయను నేనింకా చూడలేదు. ఇంజిన్ సందులో పడుతుంది, కస్టమర్ బండితోనే వెళ్లిపోతుంది, పక్క షెడ్డు వాడు అడిగి తీసుకుపోయి మళ్లీ కనిపించడు. పోతే గుండె జారే వస్తువు షెడ్డులో వద్దు.

సుత్తి, పంచ్, ఉలి, టైర్ లివర్లు, టీ స్పానర్లు, రేకు ట్రేలు దొరికినవి తీసుకో.

కొనే ముందు చిన్న పరీక్ష. 10 తల, 12 తల కొత్త బోల్టులు జేబులో వేసుకుని అంగడికి పో. స్పానర్ తొడిగి అటూ ఇటూ ఆడించి చూడు. లొడలొడ అంటే పక్కన పెట్టు. దాని మీద క్రోమ్ వెనేడియం అని మంచి ఉక్కు పేరు అచ్చు ఉందని మోసపోవద్దు, ఆ మాట ఎవడైనా కొట్టుకోవచ్చు. ఉక్కు మంచిదైనా వేడి చేసి చల్లార్చే దగ్గర తప్పు జరిగితే నోరు సాగుతుంది, లేదంటే పెళుసై విరుగుతుంది.

చిత్తూరు_హార్డ్‌వేర్ కౌంటర్:

అన్న మాటకు అమ్మేవాడిగా ఒకటి కలుపుతాను. సెట్టు కొనేటప్పుడు అందులోని ఒక్క ముక్క విడిగా దొరుకుతుందా అని అడుగు. 14 పోతే 14 ఒక్కటే కొనుక్కోగలగాలి. బయటి దేశం సెట్లకు ఆ సౌకర్యం మన చిత్తూరు, తిరుపతిలో తక్కువ, చెన్నైకి మనిషిని పంపాలి. జీవితాంతం గ్యారంటీ అని రాసి ఉంటుంది సరే, మార్చి ఇచ్చేవాడు నీ ఊళ్లో లేకపోతే అది కాగితమే.

ఇంకొకటి, పేరున్న కంపెనీలకు డూప్లికేట్లు ఎక్కువ. అచ్చు మసకగా ఉన్నా, పూత కింద పొక్కులు కనిపించినా, రేటు మరీ సగానికి వచ్చినా వద్దు. బిల్లు ఇవ్వనంటే అసలే వద్దు.

బుల్లెట్_మనిషి:

షెడ్డు నడిపేవాళ్లకు అన్న చెప్పింది సరే. నేను ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు నా బండి నేనే విప్పుకునేవాణ్ణి. నాకు పిలకాయలు లేరు, అప్పు అడిగేవాళ్లూ లేరు. కోకెన్ సాకెట్లు, క్నిపెక్స్ ప్లయర్ రెంచి కొన్నాను, ఒక్క రూపాయి కూడా దండగ అనిపించలేదు. ఆ ప్లయర్ రెంచి నోరు రెండు వైపులా సమానంగా, నున్నగా మూసుకుంటుంది. క్రోమ్ నట్టు మీద గీత కూడా పడదు. బుల్లెట్ ఉన్నవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. కాబట్టి తమ్ముడూ, నచ్చినవి ఒకటో రెండో కొనుక్కో. షెడ్డులో వద్దు, ఇంట్లో పెట్టుకో.

రేణిగుంట_రోడ్ షెడ్డు:

సార్, అద్దె కట్టేవాడికి ఇంట్లో పెట్టుకునే టూల్ ఎందుకు? ప్లయర్ రెంచి మంచిదే, నేనూ వాడి చూశాను. తమ్ముడు మొదటి ఏడాది గడవనీ, తర్వాత కొంటాడు.

తిరుచానూరు_రోడ్డు:

అందరికీ థాంక్స్ అన్నా. పెట్టె సెట్టు ఆలోచన మానుకున్నాను. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి అవసరమా? మా ఓనర్ ఎప్పుడూ చేతి అంచనాతోనే బిగించేవాడు. నట్లను దడదడా తిప్పే ఇంపాక్ట్ గన్ కొంటే ఇవే సాకెట్లు వాడొచ్చా?

రేణిగుంట_రోడ్ షెడ్డు:

ముందు గన్ సంగతి. మెరిసే క్రోమ్ సాకెట్ గన్‌కు ఎప్పుడూ తొడగొద్దు. పగిలితే ముక్క కంటికి తగులుతుంది. గన్‌కు నల్లగా, మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు విడిగా ఉంటాయి. 17, 19, 21 మూడు తీసుకుంటే కారు చక్రాలకు సరిపోతుంది.

టార్క్ రెంచి కావాలి. చేతి అంచనా చిన్నా చితకా నట్లకు పర్లేదు. ఇంజిన్ అల్యూమినియం హెడ్డులో స్పార్క్ ప్లగ్గు ఎక్కువ బిగిస్తే మర పోతుంది, ఇక లేత్ షాపుకు పరుగు. కాకపోతే ఒకే రెంచి అన్నిటికీ రాదు. కారు చక్రం నట్లకు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల కావాలి. సన్న మర ఉన్న బైకు ప్లగ్గుకు పది, పన్నెండే. 40 నుంచి 200 దాకా ఉండే పెద్ద రెంచి ప్లగ్గు దగ్గర పనికి రాదు. నీకు బైకులే ఎక్కువ కాబట్టి ముందు చిన్నది కొను, పెద్దది మీ మామ చేత కొనిపించు, చక్రాలు ఆయన బండ్లవే కదా. టార్క్ రెంచితో నట్లు ఊడదీయొద్దు, అది బిగించడానికే. పని అయ్యాక స్ప్రింగు కనిష్ఠానికి తిప్పి పెట్టు, పిలకాయల చేతికి ఇవ్వొద్దు.

లిస్టు రాసుకునేటప్పుడు 13 కూడా చేర్చు. ఇందాక చెప్పిన లెక్కలో అది లేదు, కానీ టాటా, మహీంద్రా బండ్లు వస్తే కావాలి. శనివారం మాత్రం నా దగ్గరికి రావద్దు, కొండకు జనం ఎక్కువ, మాట్లాడే తీరిక ఉండదు. మంగళవారం వస్తే నా ఫ్లేర్ నట్ స్పానర్ చూపిస్తాను, పట్టుకుని చూసి కొనుక్కుందువు.